గడ్డికి గుర్తుంది, మేతకి లేదు

మొన్న మధ్యాహ్నం భోజనాల దగ్గర మా టీములో ఒకాయన సెలవిచ్చాడు. "ఈ రోజుల్లో మ్యాపుల్లో లేనిదేముంది బాసూ! డాబా మీద ఆరేసిన చొక్కా కూడా శాటిలైట్ లో కనిపిస్తోంది" అని.

నాకు ఒళ్ళు మండింది. "అయితే నల్లమలలో మా మామ ఆవులు మే నెలలో ఎక్కడ నీళ్ళు తాగుతాయో చూపించు" అన్నాను. ఆయన ఉత్సాహంగా ఫోను తీశాడు. అమ్రాబాద్ అని కొట్టాడు. ఆకుపచ్చ. ఇంకొంచెం జూమ్ చేశాడు. ఇంకొంచెం ఆకుపచ్చ. చివరికి ఒక రిసార్టు, రెండు వ్యూ పాయింట్లు, ఒక పెట్రోలు బంకు దొరికాయి. "అడవిలో ఏముంటుంది లే" అని ఫోను జేబులో పెట్టుకుని పెరుగన్నం కలుపుకున్నాడు.

ఈ టపా ఆ పెరుగన్నం మీద కోపంతో రాస్తున్నది. కాస్త పొడుగైనా భరించండి.

మా మేనమామది అమ్రాబాద్ పీఠభూమి అంచున ఒక ఊరు. ఆయనకి పొడ తూర్పు ఆవులు పద్దెనిమిది. తెల్లటి ఒంటి మీద ఎర్రటి పొడలుంటాయి, అందుకే ఆ పేరు. కర్నాల్ లోని జాతీయ పశు జన్యు వనరుల సంస్థ 2020లో దీన్ని ప్రత్యేక జాతిగా నమోదు చేసింది. తెలంగాణ నుంచి అలా నమోదైన మొదటి జాతి ఇదే. నంబరు ఇచ్చారు, పేపర్లలో ఫొటోలు వేశారు, అందరం చప్పట్లు కొట్టాం. బాగుంది. కానీ ఆ జాతి ఎలా బతికింది? వానాకాలం పైర్లు నిలబడి ఉన్నప్పుడు మందలు అడవిలోకి తోలుకుపోవడం వల్ల, ఎండాకాలం నీళ్ళున్న చోటికి నడిపించడం వల్ల. కొన్ని తరాలుగా ఒకే దారి, అవే బుగ్గలు, అవే మేత బయళ్ళు. ఆవుకి రిజిస్ట్రేషన్ నంబరు వచ్చింది గానీ అది తినే చోటుకి, తాగే చోటుకి ఏ ప్రభుత్వ కాగితం మీదా పేరు లేదు.

నేను ఊరికే అనడం లేదు, వెతికాను. సర్వే ఆఫ్ ఇండియా వాళ్ళ టోపోషీట్లలో ఈ ప్రాంతం 56 ఎల్/15 లోకి వస్తుంది. స్కేలు 1:50,000, అంటే సెంటీమీటరుకి అర కిలోమీటరు. ఇరవై మీటర్లకొక కాంటూరు గీత. నాకు ఈ షీట్లంటే చిన్నప్పట్నుంచీ పిచ్చి (ఇంజనీరింగు రెండో ఏడాదిలో సివిల్ వాళ్ళ లాబ్ లో దొంగతనంగా చూసేవాణ్ణి). వాటి అడుగున గుర్తుల పట్టిక ఉంటుంది. కట్టుబడి బావికి ఒక గుర్తు, కట్టుబడి లేనిదానికి ఒకటి, గొట్టపు బావికి ఒకటి, ఊటకి ఒకటి. తాటిచెట్టుకి ఉంది, వెదురుకి ఉంది, అరటికి ఉంది. పందిరి మీద పాకే తమలపాకు తీగకి కూడా ఉంది మహాప్రభో! గడ్డికి గుర్తుంది. మేతకి లేదు.

తేడా ఏంటంటారా? గడ్డి అంటే నేల మీద మొలిచేది. మేత అంటే ఆ గడ్డి మీద ఎవరికో ఉన్న వాడుక. సర్వేయరు మొలిచింది రాసుకుని వెళ్ళాడు. వాడుక రాయలేదు. రాస్తే అది హక్కు అవుతుందని భయమో, అసలు ఆ ఆలోచనే రాలేదో.

ఊటకి గుర్తుందిగా మరి? ఉంది, పట్టికలో. పోయినేడాది మే నెలలో మామ వెంట రెండు రోజులు తిరిగాను. ఆయన చూపించిన బుగ్గలు, చెలమలు, రాతి దొనలు కలిపి పదకొండు. ఇంటికొచ్చి షీటుతో పోల్చుకుంటే దాని మీద దొరికింది ఒక్కటే. అది కూడా గుడి ఉన్న చోటిది.

ఇక్కడ కొంచెం సాంకేతిక గోల అవసరం. "శాటిలైట్ తో చేసేయొచ్చు, ఏఐ తో చేసేయొచ్చు" అనే మేతావులు (అచ్చుతప్పు కాదు) మన వృత్తిలోనే ఎక్కువ కాబట్టి.

ఉచితంగా దొరికే సెంటినెల్-2 చిత్రాల్లో ఒక పిక్సెల్ అంటే పది మీటర్లు. మామ చూపించిన బుగ్గల్లో పెద్దది బిందె మూతంత ఉంది, అదీ చెట్ల కింద, బండ సందులో. డబ్బులు పెట్టి అరమీటరు చిత్రం కొన్నా పైన కనిపించేది ఆకులే. ఎత్తుపల్లాల డేటా ఉంది కదా, దాన్నించి నీటి దారి లెక్కగట్టొచ్చు కదా అంటారు. 2000 ఫిబ్రవరిలో అంతరిక్ష నౌక మీంచి రాడారుతో కొలిచిన డేటా ఇప్పటికీ అందరూ వాడేది, ముప్ఫై మీటర్ల గడులు. దట్టమైన అడవిలో అది కొలిచింది నేలని కాదు, దాదాపు చెట్ల నెత్తిని. పోనీ అదీ సరిచేశారనుకుందాం. అది చెప్పేది వాన పడితే నీరు ఎటు పారుతుందని. బుగ్గ వాననీరు పారే చోట ఉండాలని రూలేం లేదు. అది కింద రాయిని బట్టి ఉంటుంది. అమ్రాబాద్ పీఠభూమి పైన ఉన్నది శ్రీశైలం క్వార్ట్‌జైట్, దాని కింద గ్రానైట్. పగుళ్ళున్న రాతిలోంచి ఇంకిన నీరు సాధారణంగా రాయి మారే చోట బయటికి తన్నుకొస్తుంది. అది ఏ నెల దాకా ఊరుతుంది, ఏ ఏడాది ఎండిపోయింది, పశువు దాకా దిగగలదా లేదా అనేది ఏ ఉపగ్రహానికీ తెలీదు. నడిచినవాడికే తెలుస్తుంది.

ఇంతకీ ఆ రెండు రాళ్ళు కలిసే గీతని ఎవరూ గీయలేదా? ఎందుకు గీయలేదు, బ్రహ్మాండంగా గీశారు! యురేనియం దొరికేది ఆ గీత చుట్టుపక్కలే మరి. 2019లో అణు ఖనిజాల వాళ్ళు అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో 83 చదరపు కిలోమీటర్లలో అన్వేషణకి అనుమతి అడిగారు. నాలుగు వేల బోర్లు అని అప్పట్లో పత్రికల్లో వచ్చింది. సేవ్ నల్లమల అని జనం రోడ్డెక్కారు, సినిమా వాళ్ళు ట్వీట్లేశారు, ఆ సెప్టెంబరులో శాసనసభ వద్దని తీర్మానం చేసింది. సంతోషం. కానీ ఆ గొడవ నడిచినన్నాళ్ళూ నన్ను ఒక్క విషయం తొలిచేసింది. రాయి కోసం అడిగేవాళ్ళ చేతిలో బ్లాకుల మ్యాపు ఉంది. వద్దు అన్నవాళ్ళ చేతిలో "మా నీళ్ళు పోతాయి" అన్న మాట ఉంది. ఏ నీళ్ళు, ఎన్ని, ఎక్కడ, బోరు వేసే చోటుకి ఎంత దూరం అని అడిగితే చూపించే కాగితం లేదు. ఆ సారి ఊరేగింపు గెలిచింది. ప్రతిసారీ ఊరేగింపు తీయగలమా?

పులి సంగతి చూడండి. అమ్రాబాద్ అభయారణ్యం మొత్తం 2,611 చదరపు కిలోమీటర్లు. నాలుగేళ్ళకోసారి పులుల లెక్క కోసం అడవిని 2 చదరపు కిలోమీటర్ల గడులుగా కోసి కెమెరాలు కడతారు. గార్డులు ఎటు నడిచారో యాప్ లో నమోదవుతుంది. ఎండాకాలం జంతువుల కోసం సాసర్ పిట్ లలో ట్యాంకర్లతో నీళ్ళు పోస్తారు, వాటికి లెక్కుంది, రిజిస్టరుంది. నేను పులికి వ్యతిరేకిని కాదండోయ్, ఇది ముందే చెప్తున్నా. పులి నీటికి పటం ఉండాల్సిందే. నా ప్రశ్నల్లా ఒకటే. ఇంత ఓపిగ్గా అడవిని గడులు కోసిన శాఖకి ఆ గడుల్లో మనుషులు, పశువులు తాగే బుగ్గలు కనపళ్ళేదంటే నమ్మమంటారా? కనపడ్డాయి. రాసుకోలేదు. రాసుకుంటే రేపు అది సాక్ష్యం అవుతుంది.

సాక్ష్యం అన్న మాట ఎందుకన్నానో చెప్తా. అడవి హక్కుల చట్టం 2006లో వచ్చింది. అందులో సెక్షన్ 3(1)(డి) మేత హక్కుని పేరు పెట్టి చెప్తుంది, ఒక్కచోట ఉండేవాళ్ళకీ, మందలతో తిరిగేవాళ్ళకీ. అభయారణ్యాలు కూడా ఆ చట్టం కిందికే వస్తాయి. 2008 నిబంధనల్లో 13వది సాక్ష్యాల గురించి. సామూహిక హక్కులకి ఏమేం సాక్ష్యంగా చూడాలో వరసగా రాశారు. సాంప్రదాయ మేత భూములు, మనుషులకీ పశువులకీ నీటి వనరులు, పవిత్ర వృక్షాలు, శ్మశానాలు. చదివినప్పుడు నాకు మతిపోయింది. టోపోషీటు గుర్తుల పట్టికలో లేనిదాన్ని చట్టం పట్టికలో పెట్టింది! ఇంకా ఉంది. 6వ నిబంధన ప్రకారం గ్రామసభకి అటవీ, రెవెన్యూ మ్యాపులు ఇవ్వాల్సింది సబ్ డివిజన్ కమిటీ. గ్రామసభ వెళ్ళి దేబిరించడం కాదు, వాళ్ళే ఇవ్వాలి. 2012 సవరణలో ఉపగ్రహ చిత్రాలు మిగతా సాక్ష్యాలకి తోడు మాత్రమే, వాటికి బదులు కావని కూడా రాశారు. అంటే మా భోజనాల బల్ల మేధావికి కేంద్ర ప్రభుత్వం ఎప్పుడో జవాబు చెప్పేసింది, ఆయన చదవలేదు అంతే.

మరి జరిగిందేంటి? మామ వాళ్ళ గ్రామసభ మ్యాపు ఇమ్మని అడిగింది. ఆఫీసు పేరెందుకు గానీ, అక్కడ మొదటిసారి "సారు లేడు" అన్నారు. రెండోసారి "మ్యాపు బయటికియ్యరు, రూల్ లేదు" అన్నారు. మూడోసారి నేను వెళ్ళాను, నిబంధన ప్రింటు తీసుకుని. అక్కడున్నాయన చదివి, వెనక్కి తిప్పి చూసి, "ఇది మీరెక్కడిది తెచ్చిన్రు?" అని అడిగాడు. గెజిట్ లోది సార్ అన్నాను. "రిజర్వు ఫారెస్టుల మేతే లేదు కదా, లేనిదానికి మ్యాపు ఎట్లుంటది?" అన్నాడు.

ఈ వాక్యం మీద నేను ఒక వారం నిద్రపోలేదు. మ్యాపులో లేదు కాబట్టి మేత లేదు. మేత లేదు కాబట్టి మ్యాపులో ఉండదు. మా భాషలో దీన్ని ఇన్ఫినిట్ లూప్ అంటారు. ప్రోగ్రాములో ఇలా రాస్తే నా మేనేజరు చీవాట్లు పెడతాడు. ఆఫీసులో రాస్తే అది పరిపాలన.

అసలు మేత లేకపోతే పుల్లరి దేనికి వసూలు చేశారో? పల్నాడులో కన్నెగంటి హనుమంతు 1922లో ప్రాణం పోగొట్టుకున్నది ఆ పుల్లరి ఎదిరించినందుకే కదా. పశువుని అడవిలోకి తోలితే పన్ను. అంటే అప్పటి దొరకి కూడా అడవిలో మేత ఉందని తెలుసు, డబ్బులు తీసుకోవడానికైనా ఒప్పుకున్నాడు. మా మామ ఇంట్లో ఇనప్పెట్టెలో ఉర్దూ కాగితం ఒకటుంది. పాతబస్తీలో ఉండే నా మిత్రుడితో చదివించాను. అడవిలో పశువులు మేపుకున్నందుకు మా తాత తండ్రి కట్టిన సొమ్ముకి రసీదు, 1352 ఫసలీ. మనకి 1942-43. ఎన్ని పశువులో రాసి ఉంది, ఏ బుగ్గ దగ్గరో రాసి లేదు.

ఇక చట్టం మెలిక వినండి. గిరిజనులు కానివాళ్ళు 2005 డిసెంబరు 13కి ముందు మూడు తరాలు, అంటే 75 ఏళ్ళు అడవి మీద ఆధారపడ్డట్టు చూపించాలి. లెక్క వేస్తే 1930. రసీదు 1942ది. పన్నెండేళ్ళు తక్కువ! పాత కోడ్ లో ఏ లైను ఎవరు ఎప్పుడు రాశారో తెలుసుకోడానికి మాకు గిట్ లాగ్ ఉంటుంది. ఒక దారి మీద ఒక కుటుంబం ఎప్పట్నుంచి నడుస్తోందో చెప్పే లాగ్ ఎవరి దగ్గరుంది? ముసలివాళ్ళ దగ్గర. ముసలివాళ్ళ వాంగ్మూలం కూడా సాక్ష్యమేనని అదే 13వ నిబంధన చెప్తుంది, అది వేరే సంగతి. కానీ వాంగ్మూలంలో "పెద్ద బండ కింద బుగ్గ" అంటే ఆఫీసులో "ఏ బండ?" అంటారు. అప్పుడు మళ్ళీ మ్యాపే కావాలి. చెంచుల పరిస్థితి కొంచెం మేలనుకుంటాం, వాళ్ళకి ఈ 75 ఏళ్ళ గొడవ లేదు, పైగా అమ్రాబాద్ చెంచుల మీద 1943లోనే హైమెన్‌డార్ఫ్ పుస్తకం ఉంది. అయినా పెంటలో నీళ్ళ గురించి అడిగితే వాళ్ళ చేతికీ మ్యాపు రాలేదు.

"సున్నితమైన సమాచారం" అనే సాకు ఒకటి ఉండేది. 2005 మ్యాపు విధానం సైన్యానికో రకం, జనానికో రకం మ్యాపులని విడదీసింది. 2016లో అయితే ఏకంగా మ్యాపు తప్పుగా గీస్తే వంద కోట్ల దాకా జరిమానా, ఏడేళ్ళ దాకా జైలు అని బిల్లు ముసాయిదా పెట్టారు (అప్పుడు ఇంజనీరింగులో ఉన్నా, మా హాస్టల్ లో ఒకడు తన జీపీయస్ వాచీ దాచేశాడు). అది చట్టం కాలేదు. 2021 ఫిబ్రవరి మార్గదర్శకాలతో భారతీయులు మ్యాపులు చేసుకోడానికి ముందస్తు అనుమతులు అక్కర్లేదన్నారు. సాకు కాలం చెల్లి చాలా కాలమైంది. ఆఫీసు గోడకి ఆ సంగతి ఇంకా చేరలేదు.

చెయ్యడం అసాధ్యమా? సిక్కిం అనే బుల్లి రాష్ట్రం 2008లో ధారా వికాస్ మొదలుపెట్టి ఊరూరా ఊటలు రాసి అట్లాసు చేసింది. కేంద్రం 2023లో జలవనరుల గణన విడుదల చేసింది, దేశం మొత్తానికి 24,24,540. అందులో లెక్క నీరు నిలిచే చోట్లకే. చెరువు, కుంట, చెక్ డ్యాం. నిలవకుండా ఊరి పారేదానికి చోటు లేదు. ఇప్పుడు ఊటలకి కూడా మొదటిసారి గణన పెట్టారు, మెచ్చుకోవాల్సిందే. కాకపోతే గణన అంటే సంఖ్య. మా మండలంలో ఊటలు ముప్ఫై అని తేలితే మామకి ఒరిగేదేం లేదు. ఏ ఊట ఎవరి వాడుకలో ఉందో, దాని దారి ఏదో రాస్తేనే అది గ్రామసభకి పనికొచ్చే కాగితం.

సరే, ఇక్కడిదాకా ప్రభుత్వాన్ని తిట్టాను. ఇప్పుడు నా వంతు.

మా టీములోనే ఇంకొకాయన డెన్వర్ లో రెండేళ్ళుండి వచ్చాడు. "అమెరికాలో 1:24,000 మ్యాపు, కొండ మీద ప్రతి స్ప్రింగు నీలం రంగులో ఉంటుంది, ఫారెస్టు వాళ్ళు ఏ మేత బ్లాకు ఎక్కడిదాకానో ఆన్‌లైన్ లో పెడతారు, డౌన్‌లోడ్ చేసుకోవడమే. మనం కూడా అన్నీ ఓపెన్ చేసి పారేస్తే పోలా?" అంటాడు. నిజమే, చూశాను, అసూయ కూడా పడ్డాను. కానీ ఆ నేలల్లో ముందునుంచీ ఉన్న జాతుల్ని ఖాళీ చేయించాకే కదా అంత ముచ్చటైన మ్యాపు వచ్చింది.

నేనూ ఒకప్పుడు ఈ ఓపెన్ భక్తుణ్ణే. ఉద్యోగంలో చేరిన కొత్తలో స్నేహితులతో ట్రెక్కింగుకి వెళ్ళి (ఇంకో కొండ, పేరు చెప్పను) అక్కడ గొర్రెల కాపరి ఒకతను చూపించిన మూడు ఊటల్ని జీపీయస్ తో పట్టి, రాత్రికి రాత్రే ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ లో ఎక్కించేశాను. తాగునీరు అవును, ఏడాది పొడుగునా అవును, అన్నీ టిక్కులు. ఎంత గర్వపడ్డానో! ఏడాదిన్నర తర్వాత మళ్ళీ వెళ్తే పెద్ద ఊట చుట్టూ ప్లాస్టిక్ ప్లేట్లు, షాంపూ పాకెట్లు, పొయ్యి రాళ్ళు. ట్రెక్కింగు గుంపులు నా చుక్కని పట్టుకుని వచ్చి అక్కడే క్యాంపు వేస్తున్నాయి. గొర్రెలు దిగే వైపు గుడారాలు. కాపరి నన్ను గుర్తుపట్టాడు. ఏమీ అనలేదు. "సార్, ఇప్పుడు మేం ఈ పక్కకి రావట్లేదు" అన్నాడంతే. ఇంటికొచ్చి ఆ చుక్కలు తీసేశాను. తీసేస్తే పోతాయా? పాత ప్రతులు హిస్టరీలో ఉంటాయి, వేరే యాప్ ల వాళ్ళు కాపీ చేసుకున్నవి ఉంటాయి.

అందుకే మామ పదకొండు చోట్లు చూపించినప్పుడు ముందు అడిగాను, "ఇవి మ్యాపుల పెట్టమంటవా మామా?" అని.

ఆయన బీడీ ఆర్పి కాసేపు ఊరుకున్నాడు. "ఎవరి మ్యాపుల అల్లుడా? అందరు జూసే దాంట్ల పెడితే ముందుగాల జీపొస్తది. తర్వాత మోటర్లొస్తయి. ఎన్క నీళ్ళు సీసలల్ల బోసుకునెటోడొస్తడు. మా పేరు మీద, మా సభ కాయితంల, సర్కారు ముద్రతోని ఉంటె బెట్టు. లేకుంటె నా కండ్లల్ల ఉన్నయి, సాలు."

ఓపెన్ డేటా మీద నేను విన్న ఉపన్యాసాలన్నీ కలిపినా ఈ ముక్కకి సాటి రావు. కాబట్టి నా పోట్లాట ఇద్దరితోనూ. మేతే లేదనే ఆఫీసుతో, అన్నీ ఎక్కించేద్దామనే నా తోటి ఇంజనీర్లతో. ఇద్దరూ చేసేది ఒకటే, నడిచినవాణ్ణి అడక్కపోవడం. సర్వే జరగాలి, నడిచి జరగాలి, మే నెలలో జరగాలి. గీసేది గ్రామసభ, గొలుసు పట్టేది శాఖ, సంతకం పెట్టేది శాఖ. ఒక ప్రతి సభ దగ్గరే ఉండాలి. అందులో ఏది బయటపెట్టాలో, ఏది పెట్టకూడదో సభే తేల్చుకుంటుంది. మనకేమన్నా పని ఉంటే పిలుస్తారు, వెళ్ళి జీపీయస్ పట్టుకుని వెనకాల నడవడమే. (నా పదకొండు చుక్కలు ఒక పెన్ డ్రైవ్ లో ఉన్నాయి. పెన్ డ్రైవ్ మామ ఇనప్పెట్టెలో, రసీదు పక్కన ఉంది. అడగొద్దు.)

"ఇలా గోప్యంగా ఉంచితే మ్యాపు ఎందుకు, బైటివాళ్ళు ఎలా సరిచూస్తారు?" అంటారేమో. మన పొలం పట్టాదారు పుస్తకం బీరువాలో పెట్టుకుంటాం, అవసరమైతే బ్యాంకులో చూపిస్తాం. దాన్ని గోప్యత అని ఎవరైనా తప్పుపట్టారా? బుగ్గ దగ్గరికొచ్చేసరికి మాత్రం అందరికీ పారదర్శకత గుర్తొస్తుంది.

పోయిన నెల గ్రామసభలో తీర్మానం అయింది. మ్యాపు ఇవ్వకపోయినా ఆగేది లేదని, ఫారం-బి లో మేత అన్న గడి నింపి, చేత్తో గీసిన పటం జతచేద్దామని. ఆడవాళ్ళు ఇంకో నాలుగు చెలమలు చెప్పారు, మామకి కూడా తెలియనివి. ఆయన ముఖం చూడాల్సింది! దరఖాస్తుతో పాటు రసీదు జిరాక్సు, ముగ్గురు పెద్దవాళ్ళ వాంగ్మూలం పెడుతున్నాం. మ్యాపు ఇవ్వలేదన్న సంగతి తేదీలతో సహా తీర్మానంలో రాయించాం.

ఈ ఆదివారం మళ్ళీ వెళ్తున్నా. చార్టు పేపర్లు నాలుగు, స్కెచ్ పెన్నుల డబ్బా ఒకటి తెమ్మన్నాడు మామ. నీలం రంగువి రెండు ఎక్కువ పట్టుకురమ్మన్నాడు.